పాత చెస్ గేమ్ ముందేసుకుని కూర్చోవాలా, ఓపెనింగ్ (తొలి ఎత్తుల వరస) బట్టీ పట్టాలా?

నల్లగుర్రం (దిల్‌సుఖ్‌నగర్):
మావాడికి తొమ్మిదేళ్లు. కోచ్ వారం నుంచీ ఒకటే గేమ్ చేయిస్తున్నారు. 1858లో పారిస్ ఒపెరాలో ఒక డ్యూక్, ఒక కౌంట్ జట్టుగా కూర్చుంటే అమెరికా ఆటగాడు మార్ఫీ 17 ఎత్తుల్లో కట్టేశాడే, అది. వీడి ఈడు పిల్లలు యాప్‌లో చూసి ఇటాలియన్ ఓపెనింగ్ పదిహేను ఎత్తులు గడగడా అప్పజెప్తున్నారు. ఫీజు దండగ అనిపిస్తోంది. మీరేమంటారు?

పైఎత్తు:
దండగే అన్నా. అందులో నల్లవాళ్లలా ఫిలిడార్ ఓపెనింగ్ ఆడి మూడో ఎత్తుకే బిషప్‌ని జి4 గడికి తెచ్చేవాడు ఈ రోజుల్లో ఎవడు? ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) పెడితే అర నిమిషంలో తేలిపోయే గేమ్ అది.

కోఠి_బంటు:
ఎవడా? ఏ ఆదివారమైనా అండర్-9 టోర్నీకి రండి, చివరి బోర్డుల దగ్గర నిలబడండి చాలు.

నల్లగుర్రం గారూ, ఏడో ఎత్తు దగ్గర ఆపండి. తెల్ల మంత్రి బి3లో ఉంది, ఎఫ్7 మీదా బి7 మీదా ఒకేసారి కన్నేసి. నల్ల మంత్రి ఇ7కి వచ్చి ఎఫ్7ను కాచింది. ఇక బి7 బంటు ఊరికే వస్తోంది. తింటే? నల్ల మంత్రి బి4కొచ్చి చెక్ చెప్తుంది, మంత్రులు మారిపోతాయి. బంటు లాభమే, ఇంజిన్ కూడా కాదనదు. మార్ఫీ మాత్రం దాన్ని వదిలేసి గుర్రాన్ని సి3కి తెచ్చాడు. ఆట ముగిసేసరికి నల్లవాళ్ల ఎఫ్8 బిషప్, హెచ్8 ఏనుగు పుట్టిన గళ్లలోనే ఉన్నాయి, ఆటలోకే రాలేదు. మిగతా ఎత్తుల మీద కాగితం అడ్డం పెట్టి, ఇక్కడ తెల్లవైపు ఏం ఆడతావని మీవాణ్ణి అడగండి.

పైఎత్తు:
కథ బాగుంది సార్. గడియారం నడుస్తుంటే ఇదంతా ఎవరికి గుర్తొస్తుంది? మన వరంగల్ గ్రాండ్‌మాస్టర్ అర్జున్ 2024లో 2800 రేటింగ్ దాటింది మార్ఫీని చూసేనా?

కోఠి_బంటు:
ఆయన ఇంట్లో ఏం చూశాడో మీకూ నాకూ తెలీదు. ఓపెనింగ్ వద్దని నేను అన్లేదు. నల్లగుర్రం గారూ, పదహారో ఎత్తుకు అవతలివాడు యాప్‌లో లేనిది ఆడితే మీవాడు మీ మొహం చూస్తాడు, అంతే.

నల్లగుర్రం:
రాత్రి కాగితం అడ్డం పెట్టి అడిగా. టక్కున బి7 తిన్నాడు. బి4 చెక్ చూపించా. కాసేపు చూసి, మంత్రిని మళ్లీ బి3లో పెట్టాడు. గుర్రం తట్టలేదు, రాజు పక్క క్యాజిల్ చేశాడు (ఒకే ఎత్తులో రాజును మూలవైపు, ఏనుగును దాని పక్కకు జరపడం). అదీ మంచిదేనా? ఇంజిన్ ఆన్ చెయ్యకుండా చెప్పండి.