డ్రీమ్‌కాస్ట్‌కి సొంతంగా వీజీఏ బాక్స్ కట్టినవాళ్లు ఉన్నారా?

పాతసరుకు:
సెగా వాళ్ల పాత గేమ్ కన్సోల్ డ్రీమ్‌కాస్ట్‌కి వీజీఏ బాక్స్ (కంప్యూటర్ మానిటర్‌కి కలిపే పెట్టె) కట్టాను. ఏ కేబుల్ తగిలించామో కన్సోల్‌కి చెప్పే మోడ్ పిన్నులు రెండూ గ్రౌండ్‌కి కలిపితే మానిటర్లో బొమ్మ వచ్చేసింది. కానీ తెల్ల అక్షరాల పక్కన కుడివైపుకి నల్లటి చార సాగుతోంది. ఫైటింగ్ ఆటల్లో పైనుండే లైఫ్ బార్ దగ్గరైతే మరీ ఘోరం. ఆర్‌జీబీ (ఎరుపు, పచ్చ, నీలం) మూడు లైన్లలోనూ 104 అని రాసున్న కెపాసిటర్లు వేశాను, చేతిలో అవే ఉన్నాయి. ఇంకా రెండు సంగతులు. సౌండ్ ఎలా తీసుకోవాలి? కొన్ని ఆటలు వీజీఏలో మొదలే కావట్లేదు, దానికేమైనా దారి ఉందా?

గీతలబాబు:
ముందు ప్లగ్ ఎక్కడ సంపాదించావో చెప్పు గురూ. నేను ఏవీ కేబుల్ కోసి చూస్తే ప్లగ్ లోపల గాడులున్నాయి, రేకులు లేవు. కాంపోజిట్‌కి (బొమ్మంతా ఒకే తీగలో టీవీకి పోయే పద్ధతి) కావాల్సిన నాలుగైదు పిన్నులు పెట్టి మిగతావి ఎగ్గొట్టారు. చివరికి మూత విప్పి సాకెట్ కాళ్లకే సన్న వైర్లు సోల్డర్ చేశాను. పక్కపక్క కాళ్ల మధ్య సందు ఎంతో తెలుసా? ఊపిరి బిగబట్టి చేయాలి.

టంకం_మాస్టారు:
ఆ సాకెట్లో 12 వోల్టుల పిన్ కూడా ఉంది బాబూ. వైరు జారి పక్కదాన్ని తాకితే కన్సోల్‌కి దండం పెట్టుకోవడమే. మల్టీమీటర్ పట్టకుండా ఇలాంటి పనులు చేయకండి.
ఇక చార సంగతి. 104 అంటే 0.1 మైక్రోఫారడ్. అక్కడ వేయాల్సింది 220. కన్సోల్ వైపు నిరోధం 75 ఓమ్‌లు, మానిటర్ వైపు 75, మొత్తం 150. దాన్ని 0.1తో గుణిస్తే 15 మైక్రోసెకన్లు, కెపాసిటర్ చాలావరకు ఖాళీ అయ్యే సమయం అది. వీజీఏ వేగం 31.5 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 31,500 గీతలు గీసేటప్పుడు, ఒక్క గీతకే దాదాపు 32 మైక్రోసెకన్లు పడుతుంది. గీత సగానికి రాకముందే కెపాసిటర్ నీరుగారిపోతోంది. నీకు కనబడే చార అదే. 220 ఎలక్ట్రోలిటిక్ వెయ్యి, ప్లస్ కాలు కన్సోల్ వైపు. ఇది నా వృత్తి, గుడ్డిగా నమ్మవచ్చు.

నలుపుస్థాయి:
లెక్క సరే, 220 అన్న పట్టుదల ఎందుకో. వీజీఏ మానిటర్ ప్రతి గీత మొదట్లోనూ నలుపుస్థాయిని తిరిగి పట్టుకుంటుంది. దాన్నే క్లాంప్ అంటారు. 10 మైక్రోఫారడ్ వేసినా ఒక గీతలో పడిపోయేది 2 శాతమే, కంటికి ఆనదు. నేను అసలు కెపాసిటర్లే లేకుండా వాడుతున్నాను, బొమ్మ అద్దంలా ఉంది.

టంకం_మాస్టారు:
మీ మానిటర్లో బాగుందని అందరికీ బాగుంటుందా? కెపాసిటర్ తీసేస్తే డీసీ (మారకుండా ఉండే వోల్టేజ్) కూడా కేబుల్‌లోకి పోతుంది. వీడియో చిప్ మీద ఆ భారం అనవసరం. నాలుగు వ్యాసాలు చదివి సలహాలివ్వడం తేలికే.

నలుపుస్థాయి:
చదివి చెప్పట్లేదు, ఆసిలోస్కోప్ పెట్టి చూసి చెబుతున్నాను. వృత్తి పేరు చెప్పి నోరు మూయించడం మీ అలవాటైతే నా దగ్గర కుదరదు.

రెండోరౌండ్:
పీఎస్2కి (సోనీ ప్లేస్టేషన్ 2) ఈ కేబుల్ పనిచేస్తుందా?

గీతలబాబు:
పనిచేయదు. దాని ఆటల్లో ఎక్కువ భాగం 15 కిలోహెర్ట్జ్‌లోనే వస్తాయి, మామూలు మానిటర్ అది పట్టుకోదు. 31కి మార్చే ఆట దొరికినా సింక్ (గీత ఎక్కడ మొదలవ్వాలో మానిటర్‌కి చెప్పే సిగ్నల్) పచ్చ లైన్లో కలిసి వస్తుంది, ఎల్ఎం1881 లాంటి చిప్‌తో విడదీయాలి. డ్రీమ్‌కాస్ట్ తనంతట తానే 640×480 వీజీఏ ఇస్తుంది కాబట్టే దీనికి ఇంత సులువు.

జాయ్‌స్టిక్_జానీ:
ఇంత టెన్షన్ ఎందుకండీ, రెడీమేడ్ హెచ్‌డీఎంఐ అడాప్టర్ కొనుక్కుంటే పోదా?

టంకం_మాస్టారు:
సొంతంగా కట్టడం గురించి మాట్లాడుతుంటే కొనుక్కోమంటారేంటండీ. ఆ పెట్టెల్లో కొన్ని బొమ్మని ఆలస్యంగా చూపిస్తాయి. ఫైటింగ్ ఆటలో నువ్వు బటన్ నొక్కేసరికి అవతలివాడి దెబ్బ పడిపోయి ఉంటుంది.

స్విచ్‌వాలా:
ఆటలు మొదలు కాకపోవడానికి కారణం, అవి మోడ్ పిన్నులు చూసి టీవీ కేబుల్ పెట్టుకోమంటాయి. ఆ రెండు పిన్నులకీ గ్రౌండ్‌కీ మధ్య చిన్న స్విచ్ పెట్టండి. ఆఫ్‌లో పెట్టి డిస్క్ ఎక్కించండి, ఆట ఆ పరీక్ష దాటగానే ఆన్ చేయండి. ఏ క్షణంలో నొక్కాలన్నది ఒక్కో ఆటకి ఒక్కోలా ఉంటుంది. కొన్ని దీనికీ లొంగవు.

పాతసరుకు:
స్విచ్ ఐడియా అదిరింది. కెపాసిటర్ల మాటేంటి మరి, 220 వేయాలా 10 వేయాలా?

నలుపుస్థాయి:
10.

టంకం_మాస్టారు:
220. సింక్ లైన్లలో మాత్రం ఏమీ వేయకు. ఎరుపు, పచ్చ, నీలం వైర్ల గ్రౌండ్లు వీజీఏ ప్లగ్‌లో 6, 7, 8 పిన్నులకి విడివిడిగా తీసుకో. మూడింటినీ ముడేసి ఒక్క పిన్‌కి కట్టినవాళ్లే తర్వాత బొమ్మలో నీడలు వస్తున్నాయని మొత్తుకుంటారు.

నలుపుస్థాయి:
ఈ ఒక్క మాటకీ ఒప్పుకుంటాను.

రెండోరౌండ్:
మరి ఎల్ఎం1881 పెడితే పీఎస్2 వస్తుందా రాదా? ఎవరూ సూటిగా చెప్పరేం?