గోమారి కరిచినచోట ఎర్రగా అయ్యింది, మన పక్క లైమ్ జబ్బు ఉందా?

ఆత్మకూరు_సుబ్బు: మా చెల్లెలి కొడుకు కనెక్టికట్ నుంచి సెలవుకొచ్చినాడు. వాన్ని గొర్రెల మంద చూపిస్తామని చేనికి తీసకపోయినా. ఇంటికొచ్చి నీళ్లు పోసుకుంటాంటే నా తొడసందున గోమారి కరుచుకోని ఉంది. పీకి పారేసినా. పొద్దున్నే చూస్తే చుట్టూ రూపాయి బిళ్లంత ఎర్రగా ఉంది. మావోడు 'మామా, ఇది లైమ్, వెంటనే మందు మింగాల' అని ఒకటే పోరు. వాళ్ల రాష్ట్రంలోని ఊరి పేరే ఆ జబ్బుకు పెట్టినారంట. ఇక్కడ అది ఉందా? రక్తపరీక్ష యాడ చేస్తారు? ఇంట్లో కుక్కకూ గోమార్లున్నాయి, దానికేం చేయాల?

కల్యాణదుర్గం_మంద: పీకినావా? గోమారిని పీకకూడదన్నా. కిరసనాయిలు చుక్క వేయాల, లేకుంటే ఊదుకడ్డీ కొన తగిలించాల. అదే ఊడి పడ్తుంది. మా తాతల నుంచి అంతే.

పులివెందుల_పశువైద్యం: కిరసనాయిలూ వద్దు, కాల్చేదీ వద్దు. అట్ల చేస్తే అది కడుపులోది గాయంలోకి కక్కొచ్చు, అట్ల జబ్బు ఎక్కొచ్చు. సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి తలదగ్గర పట్టుకోని, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగాల. తర్వాత సబ్బుతో కడగాల. నేను పశువుల శాఖలో సర్వీసంతా చేసి రిటైరైనోన్ని, ఈ జిల్లాలో నా కంటబడని గోమారి లేదు.

కల్యాణదుర్గం_మంద: మీ సర్వీసు మీ దగ్గరే పెట్టుకోండి సార్. మందలో ప్రతి జీవానికీ చెవుల్లో, తోక కింద గోమార్లే. ట్వీజర్ పట్టుకోని ఒక్కొక్కటి పీకుతా కూచుంటే మేత కాడికి ఎవరు పోతారు?

పులివెందుల_పశువైద్యం: గొర్రెలకు డెల్టామెత్రిన్ అనే గోమార్ల మందు నీళ్లలో కలిపి ముంచుతారు, అది నీకూ తెలుసు. ఇక్కడ మాట్లాడేది మనిషి ఒంటి గురించి. ఇంకోటి విను. మీ పిల్లోళ్లు గోమార్లను గోటితో నలుపుతారు, అది మాన్పించు. 2011లో గుజరాత్‌లో కాంగో జ్వరం బయటపడింది. గోమారి కరిస్తేనే కాదు, దాన్ని నలిపినా, జబ్బుపడిన జీవాల రక్తం తగిలినా వస్తుంది.

కల్యాణదుర్గం_మంద: యాడో గుజరాత్ సంగతి చెప్పి మా పిల్లోళ్లను బెదిరిస్తారా? గొర్రె పట్టనోళ్లు చెప్తే మేం వినల్ల.

రాయచోటి_టీచర్: మీ కొట్లాట ఆపండి. మాకు జరిగింది విని ఒళ్లు దగ్గర పెట్టుకోండి. వానలు పడినాక మా అత్త చేలో కసువు కోసొచ్చింది. వారం దాటినాక జ్వరం, తల పగిలిపోయే నొప్పి. ఊళ్లో టైఫాయిడ్ అని సెలైన్లు ఎక్కిస్తానే ఉన్నారు. ఆయాసం వచ్చినాక పెద్దాసుపత్రికి తీసకపోతే, అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయి రవిక విప్పించి చంకలో చూసింది. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే అత్త ఎవరికీ చెప్పలే. స్క్రబ్ టైఫస్ అనే జ్వరమంట. డాక్సీసైక్లిన్ మందు పడినాక దిగింది. అన్ని సీసాలు ఎక్కించినోళ్లు ఒక్కసారి ఒళ్లు చూడకపోవడం నాకు ఇప్పటికీ మంటే.

డోన్_డెయిరీ: నా జెర్సీ ఆవు గోమారి జ్వరంతోనే పోయింది. గడ్డలు వాచి, పాలు ఎండి, నా కళ్ల ముందరే. సూది మందు ముందే పడి ఉంటే బతికేదన్నారు. ఇప్పుడు మిగతా ఆవులకు గోమార్లు పోయేదానికి ఐవర్‌మెక్టిన్ వేయమంటాండారు. పాలిచ్చే ఆవుకు వేయొచ్చా?

పులివెందుల_పశువైద్యం: పాలు తాగేటట్టయితే వేయకూడదు. పోయిన ఆవుకు గడ్డలు కనబడిన రోజే బుపార్వాకోన్ సూది వేయించి ఉండాల్సింది.

కర్నూలు_ల్యాబ్: టీచరమ్మా, అక్కడే వస్తుంది తంటా. టైఫాయిడ్‌కు చేసే వైడాల్ రక్తపరీక్షలో కొంచెం తేడా కనబడితే టైఫాయిడ్ అని రాసేస్తారు. స్క్రబ్‌కు ఐజీఎం ఎలైసా అనే రక్తపరీక్ష వేరే అడగాల. అది గోమారి వల్ల కాదు, కంటికి ఆనని చిగ్గర్ పురుగు పిల్ల వల్ల.

నల్లమల_బీటు: కోతి జ్వరం గురించి ఎవరూ అనలే. 1957లో షిమోగా పక్క క్యాసనూరు అడవిలో కోతులు చచ్చినప్పుడు తెలిసింది, గోమార్లతోనే వస్తుంది. అది పడమటి కనుమల జబ్బు, నల్లమల జబ్బు కాదు. అయినా మేం అడవిలోకి పోతే ప్యాంటు సాక్సులో దోపుకుంటాం, వచ్చినాక మోకాళ్ల వెనక, బొడ్డులో, మొలతాడు కింద చూసుకుంటాం. మొలతాడు కింద చూసుకోరు చానామంది, అవి చేరేది ఆడికే.

ఆత్మకూరు_సుబ్బు: అందరికీ దండం. నేనడిగిందానికి ఒక్కరూ జవాబు చెప్పలే.

న్యూజెర్సీ_తాడిపత్రి: సుబ్బన్నా, నాకొచ్చింది లైమ్, చెప్తా విను. ఇక్కడ జింక గోమారి పిల్ల గసగసాలంత ఉంటుంది, కరిచింది నాకు తెలియనే లేదు. తర్వాత నడుం దగ్గర ఎర్ర మచ్చ లేచి రోజురోజుకూ పెరిగి అరచేతికంటే పెద్దదయింది. నొప్పి లేదని వదిలేసినా. మూతి ఒక పక్కకు పోయింది. ఊర్లో అమ్మ పక్షవాతమని ఏడ్చింది. డాక్సీసైక్లిన్ పూర్తిగా వాడినాక మూతి సర్దుకుంది.
నీది మర్నాడే ఎర్రగా అయ్యిందన్నావు, అది కాటు మంట. లైమ్ మచ్చ మూడు రోజుల నుంచి నెల లోపల లేస్తుంది, ఐదు సెంటీమీటర్లు దాటి పాకుతుంది. నాకు లైమ్ తెచ్చింది ఇక్కడి జింక గోమారి, మీ మందలో ఉండే గోమారీ వేరే జాతి. రక్తపరీక్షకు ఇప్పుడే పరిగెత్తొద్దు, మొదటి వారాల్లో జబ్బున్నా అది చానాసార్లు పట్టదు. మచ్చ అంచు వెంబడి పెన్నుతో గీయి, పెరిగితే డాక్టరుకు చూపించు.

రాయచోటి_టీచర్: పెరగకపోయినా, జ్వరమొస్తే గోమారి కరిచిందని ఆయనకు మీరే చెప్పాల. వాళ్లు అడగరు.

కల్యాణదుర్గం_మంద: ట్వీజర్ దొరకని చేన్లో ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలే.

కర్నూలు_ల్యాబ్: గట్టి దారం తల కింద ముడేసి లాగు. నలపొద్దు, కాల్చొద్దు.

పులివెందుల_పశువైద్యం: సుబ్బూ, కుక్కకు మందు పూస్తే సరిపోదు. దాని గోమారి గోడ సందుల్లో గుడ్లు పెడుతుంది. అది పడుకునే చోట పగుళ్లకు సిమెంటు పూయించి, అక్కడా మందు కొట్టాల. కుక్క ఎన్ని నెలలది? పిల్లయితే మందు మార్చాల.

ఆత్మకూరు_సుబ్బు: ఆరు నెలలది సార్. గోనెసంచి మీద పడుకుంటుంది, దాన్ని కాల్చేయాల్నా?

పులివెందుల_పశువైద్యం: కాల్చేయి. కుక్కను రేపు ఆస్పత్రికి తీసకపో, బరువు తూచి మందిస్తారు.