అప్‌డేట్: గట్ల మీద మేత చెట్లు వేశాక

పంట భూమి తగ్గకుండా ఎండాకాలానికి పచ్చిమేత ఎలా అని ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే గట్ల మీద సుబాబుల్, గ్లైరిసిడియా, మధ్యలో కొన్ని అవిశ మొక్కలు వేశాను.

సుబాబుల్ గింజలను వేడినీళ్లలో కాసేపు ఉంచి, తర్వాత చల్లటి నీళ్లలో నానబెడితే మొలక బాగా వచ్చింది. చెట్టు నిలదొక్కుకున్నాక మీటరు ఎత్తులో కొట్టేస్తున్నాను, చిగురు గుబురుగా వస్తోంది.

గ్లైరిసిడియా వాసనకి గేదెలు మొదట మూతి తిప్పుకున్నాయి. కోసిన రొట్టను ఒక రాత్రి వాడనిచ్చి, చొప్పలో కలిపి వేయడంతో అలవాటు పడ్డాయి. ఓపిక పట్టాలి, అంతే.

ఒకరు హెచ్చరించిన మైమోసిన్ (సుబాబుల్‌లో ఉండే విష పదార్థం) సంగతి అందరూ గుర్తుంచుకోవాలి. సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు ఎక్కువే, కానీ మొత్తం మేతలో 30 శాతం దాటితే వెంట్రుకలు రాలడం, థైరాయిడ్ వాపు వంటివి రావచ్చు. అందుకే నేను మూడో వంతుకు బాగా తక్కువే వేస్తున్నాను.

అవిశను మాత్రం మొదలుకంటా నరకకండి, చచ్చిపోతుంది. పక్క కొమ్మలు కోసుకుంటే చాలు.

దాణా ఖర్చు తగ్గింది, పాలు తగ్గలేదు. ఈ తొలకరికి మల్బరీ కూడా వేస్తాను. సమాధానం రాసిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు.