డి అండ్ సి కి మత్తు: మిడజోలామా, ప్రొపోఫాలా?

ప్రశ్న (బెంగళూరు, మారతహళ్లి): పది నిమిషాల డి అండ్ సి (గర్భసంచి లోపలి పొరను గీకి తీసే చిన్న ఆపరేషన్) కి మత్తుకి మిడజోలామ్, నొప్పికి ఫెంటనిల్ ఇస్తే పేషెంట్లు మధ్యాహ్నం దాకా తూగుతున్నారు. ప్రొపోఫాల్‌కి మారొచ్చా? ఇంకో మత్తుమందు కెటమిన్ సంగతేంటి?

జవాబు 1: మారొచ్చండి. కానీ ప్రొపోఫాల్ నిద్రపుచ్చుతుందే తప్ప నొప్పి తగ్గించదు. ముందు ఫెంటనిల్ కిలోకి 1 మైక్రోగ్రామ్, మూడు నిమిషాలు ఆగి ప్రొపోఫాల్ కిలోకి 1 మి.గ్రా. నెమ్మదిగా. కదిలితే 10–20 మి.గ్రా. చొప్పున. గబగబా తోస్తే ఊపిరి ఆగుతుంది. ఆక్సిజన్ పెట్టి ఉంటే వేలి క్లిప్పు (పల్స్ ఆక్సిమీటర్) ఆ సంగతి ఆలస్యంగా చెబుతుంది, వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ని చూపే కాప్నోగ్రాఫ్ గీతే ముందు చెబుతుంది. ప్రొపోఫాల్‌కి విరుగుడు లేదు, కాబట్టి మత్తు డాక్టరు లేకుండా వద్దే వద్దు.

జవాబు 2: సర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) సాగదీసేటప్పుడు పల్స్ 40కి పడితే మందునే తిట్టకండి, అది చాలాసార్లు గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం పని. డైలేటర్ (సాగదీసే కడ్డీ) ఆపమనండి. అప్పటికీ పెరక్కపోతే పల్స్ పెంచే అట్రోపిన్ 0.6 మి.గ్రా. పారాసర్వైకల్ బ్లాక్ (సర్విక్స్ పక్కన తిమ్మిరి ఇంజెక్షన్) వేస్తే మత్తు మందు తక్కువే పడుతుంది.

జవాబు 3: కెటమిన్ కిలోకి 0.5 మి.గ్రా. ఊపిరి నిలబెడుతుంది, నొప్పీ తగ్గిస్తుంది. అయితే నోట్లో లాలాజలం ఊరుతుంది, లేచేటప్పుడు కలవరింతలు. హై బీపీ ఉంటే మానేయండి. మిడజోలామ్‌కి విరుగుడైన ఫ్లూమజెనిల్ ఇచ్చి వెంటనే ఇంటికి పంపేవాళ్లున్నారు, అది తప్పు. గంటకల్లా ఆ విరుగుడు పని తగ్గి మత్తు మళ్లీ కమ్ముకోవచ్చు, అదీ ఆటోలో.