తిరుపతిలో మొదటిసారి యోగా క్లాసుకి వెళ్తున్నాను, ఏమేం చూసుకోవాలి?

కేటీ రోడ్డు టీచరమ్మ:
అందరికీ నమస్కారం. వచ్చే సోమవారం నుంచి మా ఇంటి దగ్గర పార్కులో యోగా క్లాసుకి వెళ్తున్నాను, పొద్దున ఐదున్నరకి. వయసు నలభై ఆరు. బడిలో రోజంతా నిలబడే పని, మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు పట్టేస్తుంది, బీపీకి రోజూ మాత్ర వేసుకుంటాను, థైరాయిడ్‌కి ఇంకోటి. కాఫీ తాగకుండా వెళ్లాలా? లేచిన వెంటనే కాఫీ పడకపోతే నాకు తలనొప్పి. చీర తప్ప వేరే అలవాటు లేదు, చుడీదార్ తప్పదా? మ్యాట్ ఇప్పుడే కొనాలా? అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఏంటంటే, అందరూ నేలకి చేతులు ఆనిస్తుంటే నా చేతులు మోకాళ్లు దాటవు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఎమ్మార్‌పల్లి అన్న:
అమ్మా, మ్యాట్ సంగతి తర్వాత. మొదటి రోజు పది నిమిషాలు ముందే వెళ్లి గురువు గారితో పక్కకి మాట్లాడండి. బీపీ, మోకాలు, థైరాయిడ్, ఎప్పుడో జరిగిన ఆపరేషన్, కాన్పు సిజేరియన్ అయితే అది కూడా, ఏదీ చిన్న విషయం అనుకోకుండా చెప్పేయండి. మంచి గురువు మీరు చెప్పకముందే అడుగుతారు. మా గురువు గారు కొత్తవాళ్లు రాగానే నోటుబుక్కులో రాసుకుంటారు, క్లాసు మధ్యలో మీరు ఇది వద్దు, ఇలా చెయ్యండి అని మనిషి మనిషికీ చెప్తారు. ఒంట్లో ఏముందో అడగని చోట నేనైతే చేరను, చేరమని చెప్పను కూడా. ఇంకో మాట, ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఉంది, ఆ సర్టిఫికెట్ ఉందా అని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు. సర్టిఫికెట్ లేని పెద్దవాళ్లలోనూ గొప్పగా నేర్పేవాళ్లు ఉన్నారు, అది వేరే సంగతి.

బైరాగిపట్టెడ అమ్మ:
టీచర్ గారూ, బట్టల సంగతి నేను చెప్తా. మా బ్యాచ్‌లో ఇద్దరు పెద్దమ్మలు చీరలోనే వస్తారు, కుర్చీలో కూర్చుని చేసేవి, ప్రాణాయామం అంతా హాయిగా చేస్తారు. కానీ కాలు పక్కకి చాపే త్రికోణాసనం లాంటివి, వెల్లకిలా పడుకుని కాళ్లు పైకెత్తేవి చీరలో ఇబ్బంది, మనసంతా కుచ్చిళ్ల మీదే ఉంటుంది. కొంచెం వదులుగా ఉండే కాటన్ చుడీదార్ చాలు, కొత్తది కొనే పని లేదు. టాప్ మరీ పొడుగుగా ఉంటే కాలి కింద పడుతుంది, మరీ వదులైతే ముందుకి వంగినప్పుడు ముఖం మీదకి జారుతుంది, అందుకే పక్కన ముడి వేసుకోండి. చున్నీ ఇంట్లో పెట్టండి. తల వెనక కొప్పు వేసుకుంటే శవాసనంలో తల నేలకి ఆనదు, మెడ నొప్పి పుడుతుంది, జడ వేసి పక్కకి తీసుకోండి. వాచీ, గాజులు తీసేయండి, తాళి పొడుగు గొలుసైతే లోపలికి వేసుకోండి. అరికాళ్లకి నూనె, క్రీము ఏదీ రాయకండి, జారతారు.

పార్కు అంటున్నారు కాబట్టి ఇంకో విషయం. తెల్లవారుజామున గడ్డి తడిగా ఉంటుంది, చీమలు కూడా. మ్యాట్ కింద పాత ప్లాస్టిక్ పట్టా ఒకటి వేసుకోండి. దోమలకి ముందే చేతులకి ఏదైనా రాసుకోండి, కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడే అవి వస్తాయి.

చిత్తూరు సైకిల్:
మ్యాట్ కోసం ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. మొదటి వారం ఇంట్లో ఉన్న జంపఖానా మడత పెట్టి తీసుకెళ్లినా సరిపోతుంది, అయితే గట్టి నేల మీద అది జారుతుంది, నిలబడి చేసే ఆసనాలు వట్టి నేల మీదే చేయండి. కొనాలంటే మీ పొడుగు కంటే కొంచెం ఎక్కువ ఉండేది, ఆరు మిల్లీమీటర్ల మందం. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి నాలుగు మిల్లీమీటర్లది పలచన. అలాగని మరీ మెత్తగా ఉండే పది, పన్నెండు మిల్లీమీటర్లవి కొనొద్దు, ఒంటికాలి మీద వృక్షాసనంలో నిలబడితే పాదం ఊగుతుంది. కొత్త మ్యాట్ జారుతుంటే తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. మన ఎండలో వేస్తే పాడైపోతుంది.

కాఫీ విషయంలో నా మాట, గంట ముందు అర గ్లాసు తాగితే ఏమీ కాదు, తలనొప్పితో చేసే యోగా యోగా కాదు.

చంద్రగిరి ఫిజియో:
సైకిల్ గారూ, మామూలు వాళ్లకైతే మీరు చెప్పింది సరే, కానీ టీచరమ్మ గారు థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు. అది పరగడుపున నీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగాలి, లేకపోతే మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదు. కాబట్టి లేవగానే మాత్ర, నీళ్లు, క్లాసు, ఇంటికొచ్చి కాఫీ. తలనొప్పి రాకుండా ఇవాళ్టి నుంచే రోజూ కొంచెం కొంచెం ఆలస్యం చేస్తూ రండి. బీపీ మాత్ర డాక్టరు చెప్పిన వేళకే వేసుకోండి, యోగా మొదలుపెట్టాం కదా అని మానకండి. దయచేసి ఇది అందరూ గుర్తుపెట్టుకోండి, ఇలా మానేసి వచ్చినవాళ్లని చూసి బాధపడి చెప్తున్నా.

బీపీ ఉన్నవాళ్లు కపాలభాతి, అంటే పొట్ట లోపలికి లాగుతూ ఊపిరి బలంగా బయటికి కొట్టేది, చేయొద్దు, ఊపిరి బిగపట్టే కుంభకం వద్దు, తల కిందికి పెట్టే శీర్షాసనం అసలే వద్దు. గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు కూడా కపాలభాతి జోలికి పోవద్దు. కంట్లో గ్లాకోమా ఉంటే తలకిందులు ఆసనాలు వద్దు. నడుములో డిస్కు జారినవాళ్లు ముందుకి వంగేవి డాక్టరుని అడగకుండా చేయొద్దు. ఒక్కో ముక్కుతో మార్చి మార్చి ఊపిరి తీసే అనులోమ విలోమం నిదానంగా చేయొచ్చు, తుమ్మెదలా శబ్దం చేస్తూ ఊపిరి వదిలే భ్రామరి చేయొచ్చు, శవాసనం హాయిగా చేయొచ్చు.

మోకాలికి: మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనంలో తొడకీ పిక్కకీ మధ్య మడిచిన టవల్ పెట్టుకోండి. అప్పటికీ నొప్పి ఉంటే కుర్చీలో కూర్చోండి, చిన్నతనం ఏమీ కాదు. కండరం లాగినట్టుంటే భయపడక్కర్లేదు, ఊపిరి వదులుతూ అక్కడే ఉండొచ్చు. కీలు లోపల సూది గుచ్చినట్టు పొడిస్తే మాత్రం వెంటనే వెనక్కి రండి. మొదటి రోజు ఈ తేడా ఒక్కటి తెలుసుకుంటే చాలు.

రాయల్‌చెరువు:
ఫిజియో గారి మాటకి తోడు నాదొకటి. మా అన్నని ఒక చోట ముందుకి వంగినప్పుడు నేర్పే ఆయన వీపు మీద చెయ్యి పెట్టి నొక్కారు, ఆ తర్వాత కాలి దాకా లాగే నొప్పితో చాలా రోజులు మంచం మీదే ఉన్నాడు. గురువుకి మొదటే చెప్పండి, నన్ను తాకి వంచొద్దు, నోటితో చెప్పండి, నేనే చేస్తాను అని. అలా అడిగే హక్కు మనకి ఉంది. తాకినా వదులుగా సరిచేసేవాళ్లు వేరు, బలంగా నొక్కేవాళ్లు వేరు.

అలిపిరి మెట్లు:
వారం వారం మెట్లెక్కేవాళ్లు చాలామంది, మూడువేల ఐదువందల పైచిలుకు మెట్లు ఎక్కుతున్నాం, యోగా ఎంతలే అనుకుని వస్తారు. మెట్లెక్కితే గుండెకి, ఊపిరికి మంచిదే, కానీ పిక్కలు, తొడలు బిగుసుకుంటాయి, వంగితే చేతులు మోకాలు దాటవు. టీచరమ్మా, మీ ఒక్కరి సంగతే కాదు ఇది. మోకాళ్లు కొంచెం వంచి నడుము నిటారుగా పెట్టి వంగండి, చేతులు ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా. మెట్లెక్కిన మర్నాడు కొత్త క్లాసు పెట్టుకోకండి.

కేటీ రోడ్డు టీచరమ్మ:
ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ చేతులెత్తి దండం. మా ఇంట్లో ఆయన ఫోన్లో వీడియో చూసి చేసుకోవచ్చు కదా అంటున్నారు. ఇంకోటి, శనివారం ఒక్కపొద్దు ఉంటాను, పెరటాసి నెలలో అయితే ఇంకా గట్టిగా. ఆ రోజు వెళ్లొచ్చా?

ఎమ్మార్‌పల్లి అన్న:
వీడియోకి మీ మోకాలు కనపడదమ్మా. రెండు మూడు నెలలు మనిషి ఎదురుగా నేర్చుకుని, ఆ తర్వాత ఇంట్లో వీడియో పెట్టుకోండి. 2025లో యోగాంధ్ర అప్పుడు ఊరూరా నేర్పింది గుర్తుందా, ఆయుష్ వాళ్ల 45 నిమిషాల ప్రోటోకాల్, అంటే ఏది తర్వాత ఏది చెయ్యాలో పెట్టిన వరస. ముందు మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు కదిలించి, తర్వాత తాడాసనం, వృక్షాసనం, పాదహస్తాసనం, అర్ధచక్రాసనం, త్రికోణాసనం, ఆ పైన కూర్చునేవి, బోర్లా పడుకునేవి, వెల్లకిలా పడుకునేవి, శవాసనం, కపాలభాతి, ప్రాణాయామం, ధ్యానం. చాలా క్లాసులు ఇంచుమించు ఈ వరసలోనే నడుస్తాయి. పేర్లు ఒకసారి చదువుకుని వెళ్తే అక్కడ కంగారు ఉండదు. సూర్యనమస్కారాలు తొందరపడకండి, రథసప్తమికి కొన్నిచోట్ల నూట ఎనిమిది పెడతారు, కొత్తవాళ్లు అందులో దిగొద్దు.

చంద్రగిరి ఫిజియో:
ఒక్కపొద్దు రోజు పొద్దున క్లాసుకి వెళ్లొచ్చు, ఎలాగూ ఖాళీ కడుపుతోనే చేస్తాం. నీళ్లు తాగండి, గట్టి ఆసనాలు తగ్గించండి, కళ్లు తిరిగితే పడుకోండి. షుగరుకి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం ఖాళీ కడుపుతో రావడం గురించి డాక్టరుని అడగాలి, సంచిలో చక్కెర గానీ గ్లూకోజ్ గానీ పెట్టుకోవాలి. చెమట, వణుకు మొదలైతే క్లాసు ఆపి అది తినాలి. మామూలు రోజుల్లో భోజనం చేసిన మూడు నాలుగు గంటలకి, రెండు ఇడ్లీలు తింటే రెండు గంటలకి. రాత్రి సంగటి కడుపు నిండా తిని పదకొండుకి పడుకుంటే పొద్దున ఐదున్నరకి కడుపు బరువుగానే ఉంటుంది, ఎనిమిదిలోపు తినేయండి.

కోర్లగుంట తమ్ముడు:
మా అమ్మీకి కూడా నడుం నొప్పి, డాక్టరు యోగా చెయ్యమన్నారు. మొదట్లో శ్లోకం చెప్పిస్తారని ఆమె వెనకాడుతోంది. తప్పనిసరా?

బైరాగిపట్టెడ అమ్మ:
లేదు నాయనా. మా బ్యాచ్‌లో ఇద్దరు ఆ రెండు నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరి గమనిస్తూ కూర్చుంటారు, ఎవరూ ఏమీ అనరు. గురువు గారికి ముందే ఒక మాట చెప్పండి. అమ్మని తీసుకురండి, నడుం నొప్పితో ఇంట్లో కూర్చోబెట్టకండి. శవాసనంలో మోకాళ్ల కింద చిన్న దిండు పెట్టుకుంటే నడుముకి చాలా సుఖం, అది ఇంటినుంచే తెచ్చుకోమనండి.

కొండ డ్యూటీ:
నేను తిరుమలలో నైట్ షిఫ్టు చేస్తాను, పొద్దున కిందికి దిగేసరికి ఏడు. బస్సు దిగి నేరుగా క్లాసుకి పోవచ్చా, నిద్రపోయి సాయంత్రం వెళ్లాలా?

చంద్రగిరి ఫిజియో:
సాయంత్రం వెళ్లండి. రాత్రంతా మేలుకున్నాక ఒళ్లు సరిగ్గా మాట వినదు, వంగినప్పుడు పట్టేసే ప్రమాదం ఎక్కువ. పొద్దున ఇంటికొచ్చి కాళ్లు గోడకి ఆనించి ఐదు పది నిమిషాలు పడుకోండి, నిలబడి నిలబడి వాచిన పాదాలకి ఉపశమనం. ఆ తర్వాత నిద్ర. లేచాక ఒంటిగంటకి అన్నం తింటే ఐదున్నర క్లాసుకి కడుపు తేలిగ్గా ఉంటుంది. షిఫ్టు మారిన వారం గురువుకి చెప్పి బ్యాచ్ మార్చుకోండి, చాలా చోట్ల రెండు పూటలా ఉంటాయి.