కళేబరం అంటే శవమా, శరీరమా?

ప్రశ్న (హన్మకొండ నుంచి ఒక ఉపాధ్యాయుడు):
ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట మీద ఉండే రాబందుల గురించి తొమ్మిదో తరగతికి పాఠం చెబుతూ, అవి పశువుల కళేబరాలను తిని బతుకుతాయని బోర్డు మీద రాశాను. ఒక విద్యార్థిని లేచి, తన నాయనమ్మ రోజూ చదివే గీతలో ఈ మాట ఉన్నదనీ, అక్కడ పశువుల ఊసే లేదనీ అన్నది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఈ మాటకు అసలు అర్థం ఏమిటి? చచ్చిన జంతువు మాంసానికి అచ్చ తెలుగు మాట ఉన్నదా?

జవాబు 1:
ఆ అమ్మాయి సరిగ్గానే పట్టుకున్నది. సంస్కృతంలో కలేవరం అంటే దేహమే. గీత ఎనిమిదో అధ్యాయం ఐదో శ్లోకంలో "ముక్త్వా కలేవరమ్" అంటే దేహాన్ని విడిచి అని అర్థం. పూరీలో 2015లో జరిగిన నవకళేబర ఉత్సవం కూడా జగన్నాథుని దారుమూర్తికి కొత్త దేహాన్ని ఇచ్చేదే. జీవుడు విడిచిపోయేది కాబట్టి, తెలుగులో ఆ మాట మెల్లగా ప్రాణం లేని దేహానికి, అందులోనూ ఎక్కువగా జంతువుల దేహానికి పరిమితమైందని నా ఊహ.

జవాబు 2 (పరకాల):
అచ్చ తెలుగు మాట పీనుగు. తమిళంలో పిణం, కన్నడంలో హెణ దీని చుట్టాలే; మన పులి కన్నడంలో హులి అయినట్టే ఇక్కడా పకారం హకారమైంది. అయితే మా ఊళ్లో ఎద్దు చస్తే పీనుగు అనరు, "గొడ్డు సచ్చింది" అనే అంటారు. మాంసానికి పాత తెలుగులో ఎఱచి, పొలసు అనే మాటలున్నాయి. రాక్షసుణ్ణి పొలదిండి అన్నది అందుకే. కానీ అవి ఏ మాంసానికైనా చెల్లుతాయి. ఇప్పుడు మన దిక్కు మాంసమంటే కూరే. ఆదివారం పొద్దున "కూర తెచ్చినవా" అని అడిగితే వంకాయ ఎవరికీ గుర్తుకు రాదు.

జవాబు 3:
సార్, పాఠంలో "చచ్చిన పశువుల మాంసం" అని విడమరచి రాయడమే మేలు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ ఆ మాంసంలో మిగిలి ఉండి, తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 2006లో మన దేశంలో పశువైద్యానికి ఆ మందును నిషేధించినది అందుకే. కళేబరం అంటే తోలూ ఎముకలూ అన్నీ కలిసివస్తాయి, రాబందులు ఎముకలను వదిలేస్తాయి.