పాత ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్‌ని ఇంకో సిస్టమ్‌కి మార్చుకోవచ్చా?

ఉప్పల్ కుర్రాడు:
అందరికీ నమస్తే. మా నాన్న ల్యాప్‌టాప్ మొన్నటి వానల్లో పోయింది, కిటికీ పక్కన టేబుల్ మీద వదిలేస్తే రాత్రంతా జల్లు కొట్టింది, మదర్‌బోర్డు షార్ట్ అయిందన్నారు, బోర్డు మార్చాలంటే 18 వేలట. 2020లో కొన్నది, విండోస్ దాంతోనే వచ్చింది. దానికి మళ్లీ అంత పెట్టడం ఎందుకని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి ఏదో ఆఫీసులో వాడి తీసేసిన డెల్ డెస్క్‌టాప్ ఒకటి కొన్నాం, ఐ5 ఎనిమిదో జనరేషన్, 8 జీబీ ర్యామ్. విండోస్, ఫైల్స్ ఉండే పాత ఎస్‌ఎస్‌డీ బాగానే ఉంది కదా అని దాన్నే తీసి ఇందులో బిగించా.

ఆన్ చేయగానే నీలం స్క్రీన్ మీద బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగింది. గుండె ఆగినంత పనైంది, నాన్న చిట్టీల లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. ఫోన్‌లో నాన్న మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ ఓపెన్ చేసి చూస్తే ఆ 48 అంకెల కీ దొరికింది, నాన్న చదువుతుంటే నేను కొట్టా, ఓపెన్ అయింది. కానీ ఇప్పుడు కుడివైపు కింద మూలన యాక్టివేట్ విండోస్ అని ఒకటే గోల. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గరుండే ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెప్తే లిస్టులో పాత ల్యాప్‌టాప్ కనిపిస్తోంది గానీ సెలెక్ట్ చేస్తే అవ్వట్లేదు. మనం డబ్బు పెట్టి కొన్న విండోసే కదా, ఎందుకు రాదు? ఒక షాపులో 1500 ఇస్తే లైసెన్స్ ట్రాన్స్‌ఫర్ చేసిస్తామంటున్నారు. ఇచ్చెయ్యొచ్చా?

బోడుప్పల్ భయ్యా:
నాకు తెలిసి మైక్రోసాఫ్ట్‌కి ఫోన్ చేసి విషయం చెప్తే చేసిస్తారు బ్రో, మా ఫ్రెండ్‌కి అయింది. లేదంటే ఆన్‌లైన్‌లో 400కి విండోస్‌ని యాక్టివేట్ చేసే కీలు దొరుకుతున్నాయిగా.

పార్క్‌లేన్ సర్వీస్ అన్న:
తమ్ముడూ ఆ 1500 అస్సలు ఇయ్యకు. 11 ఏండ్ల సంది ఇదే పనిల ఉన్న, అట్ల ట్రాన్స్‌ఫర్ అనేదే ఉండదు. ల్యాప్‌టాప్‌తోని వచ్చే విండోస్‌ని ఓఈఎం లైసెన్స్ అంటరు, అది బోర్డుతోనే పుట్టి బోర్డుతోనే పోతది. విండోస్ 7 దాకా కీ ఉన్న స్టిక్కర్ వెనకాల అతికించి ఇచ్చేటోళ్లు. 2012ల విండోస్ 8 వచ్చినంక కీని బోర్డు మీద సిస్టమ్‌ని స్టార్ట్ చేసే బయాస్ చిప్‌లనే రాసేస్తున్నరు, అందుకే ఇప్పటి ల్యాప్‌టాప్‌ల మీద కీ కనపడదు. నువ్వు ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తెచ్చుకున్నవ్, కీ ఆ తడిసిన బోర్డులనే ఉండిపాయె. వారంటీల ఉండి కంపెనీ సర్వీస్ వాళ్లే బోర్డు మారిస్తే లైసెన్స్ నడుస్తది, ఆ దారి వేరే.

బోడుప్పల్ తమ్ముడూ, మీ ఫ్రెండ్‌ది విడిగా కొన్న రిటైల్ కీ అయి ఉంటది. రిటైల్ అయితే పాత సిస్టమ్‌ల తీసేసి కొత్తదాంట్ల వేసుకోవచ్చు. ఆ 400 కీలు చాలామటుకు కంపెనీలకు గంపగుత్తగ ఇచ్చే వాల్యూమ్ కీలు, పది మందికి అమ్ముతరు, మైక్రోసాఫ్ట్ బ్లాక్ చేసిందంటే మళ్ల మొదటికే వస్తది. నా దగ్గరికి అట్ల ఎంతమంది వచ్చిన్రో.

మల్కాజ్‌గిరి పద్మక్క:
అన్న చెప్పింది కరెక్టే. లైసెన్స్ షరతుల్లో కూడా ఇదే ఉంటుంది, ముందే వేసి ఇచ్చిన విండోస్‌ని వేరేవాళ్లకి ఇవ్వాలంటే ఆ మెషిన్‌తో కలిపే ఇవ్వాలి, విడిగా కుదరదు. మీది ఏ రకమో చూసుకోవాలంటే విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఎస్‌ఎల్‌ఎంజీఆర్, ఒక స్పేస్, స్లాష్, డీఎల్‌ఐ అని ఇంగ్లీషులో కొట్టండి, వచ్చే బాక్సులో ఓఈఎం అనో రిటైల్ అనో రాసి ఉంటుంది.

కానీ బాబూ, ఇంకో సంగతి ఎవరూ అడగలేదు. మీరు కొన్నది ఆఫీసులో వాడిన డెల్ కదా, దాని బోర్డులో దాని కీ ఉండాలిగా? మా స్కూల్‌కి ఇలాంటివే 6 సిస్టమ్‌లు తెప్పించినప్పుడు అన్నింట్లో విండోస్ ప్రో కీ ఉంది. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అనే ఎడిషన్ అయి ఉంటుంది, మన దగ్గర ఇళ్లకి కొనే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ అదే. ఎడిషన్ వేరు కాబట్టి ప్రో కీ ఉన్నా దానంతట అది యాక్టివేట్ అవ్వదు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో షోకీప్లస్ అని ఫ్రీ టూల్ ఉంది, వేసి చూడండి, బోర్డులో కీ ఉంటే చూపిస్తుంది. ఉంటే సెట్టింగ్స్‌లో యాక్టివేషన్‌లోకి వెళ్లి చేంజ్ ప్రొడక్ట్ కీ నొక్కి అది ఇవ్వండి, ఫైల్స్ పోకుండా ప్రోకి మారుతుంది. విండోస్ 10 ప్రో కీ అయినా 11 ప్రోకి పనిచేస్తుంది. దేనికైనా ముందు చిట్టీల లెక్కలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, ఆ పని ఇవాళే చేయండి.

ఉప్పల్ కుర్రాడు:
అక్కా మీకు చాలా థాంక్స్!! డీఎల్‌ఐలో ఓఈఎం అనే వచ్చింది, ఎడిషన్ కూడా మీరన్నట్టే హోమ్ సింగిల్ లాంగ్వేజ్. షోకీప్లస్ వేస్తే బోర్డులో విండోస్ 10 ప్రో కీ ఉంది, షాపతను ఈ ముక్క చెప్పనేలేదు. ముందు నాన్న ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి తీసి, తర్వాత కీ కొట్టా, కాసేపు తిరిగి రీస్టార్ట్ అయింది, వచ్చాక ప్రో అని ఉంది, మూలన ఉన్న ఆ అక్షరాలు పోయాయి. పార్క్‌లేన్ అన్నా నీకు కూడా థాంక్స్, 1500 మిగిలాయి.

పార్క్‌లేన్ సర్వీస్ అన్న:
మంచిగైంది తమ్ముడూ. పద్మక్క, ఆ ప్రో కీ సంగతి నాకు తట్టనే లేదు. బోర్డు పోయిన ల్యాప్‌టాప్‌ని తుక్కుకి ఏసెయ్యకు, స్క్రీన్, బ్యాటరీ మంచిగుంటే దేనికదే అమ్ముడుపోతయ్.